రెండున్నర అంగుళాల మర్యాద

గాలానికి పడిన చేప నీళ్ళలోంచి పైకెగరగానే భీమశంకర్ గుండె జారిపోయింది. అది మరీ పెద్ద చేప.

"పోవే తల్లీ, పో," అన్నాడు తెలుగులో, దారం వదులు చేస్తూ.

"వదలకు భీమ్! బిగించు!" పడవ ముందు నిలబడి అరిచాడు డాల్టన్. ఆయన భీమశంకర్ పైఅధికారి. పొద్దున ఆయన పట్టిన చేప పంతొమ్మిది అంగుళాలు. సరస్సు మీద ఇరవై రెండు పడవలున్నా, ఇంతవరకు అంతకన్నా పొడవైంది ఎవరికీ పడలేదు. పోటీ ముగియడానికి ఇంకో పది నిమిషాలుంది.

పట్టవలసింది బాస్ అనే చేప. ఎర పెట్టకూడదు. జింక వెంట్రుకలు చుట్టి చేసిన దొంగ పురుగుని నీటి మీద ఆడించి పట్టాలి. పట్టాక కొలిచి, ప్రాణంతో వదిలెయ్యాలి. "మీరు పట్టాల్సిన బాస్ నీళ్ళలో ఉండడు, పడవలో ఉంటాడు. గుర్తుంచుకోండి," అని భార్య ఉష పొద్దున ఫ్లాస్కులో కాఫీ పోస్తూ చెప్పే పంపింది.

అది 1982, అమెరికా. ట్రాయ్‌లోని వాళ్ళు పనిచేసే కార్ల కంపెనీలో ఉద్యోగం నుంచి తీసేసేవాళ్ళ పేర్లు సోమవారం బయటపడతాయి. కొలతల విభాగంలో మిగిలింది ఇద్దరే ఇంజనీర్లు. ఇద్దరూ తెలుగువాళ్ళే. వాళ్ళలో ఒకరు వెళ్ళాలి. రెండోవాడు కొండల్ రావు. చేపల్ని కొలిచే చెక్క ఒళ్ళో పెట్టుకుని, పరిశీలకుడి హోదాలో అదే పడవ మధ్యన కూర్చున్నాడు.

భీమశంకర్ గాలం కర్రని కిందికి దించాడు. చేప పోలేదు. కర్రని అటూ ఇటూ విదిలించాడు. ఊడలేదు. పైగా పిలిచిన చుట్టంలా పడవ వైపే ఈదుకుంటూ వచ్చింది.

"మస్తు పడ్డదన్నా!" అన్నాడు కొండల్ రావు చేతివల తీస్తూ. అతని మొహం వెలిగిపోతోంది.

"ఆ వల పక్కన పెట్టు."

"ఎట్ల పెడ్త? సారు చూస్తుండు."

వల ముంచి చేపని ఎత్తి, చెక్క మీద పడుకోబెట్టాడు. మూతిని అంచుకి ఆనించి, తోక దగ్గర వేలు పెట్టాడు. "ఇరవై ఒకటి!" అని పక్క పడవలకి కూడా వినపడేలా ఇంగ్లీషులో అరిచాడు.

కొండల్ రావు నిజాన్ని అంత గట్టిగా చెప్పగా భీమశంకర్ ఎన్నడూ వినలేదు.

"పద్దెనిమిదిన్నర," అన్నాడు భీమశంకర్, తనూ ఇంగ్లీషులోనే.

కొండల్ రావు తెలుగులోకి దిగాడు. "ఏందీ? కండ్లు కనవడ్తలేవా? తోక ఇరవై ఒకటి మీద ఉన్నది."

"నువ్వు తోక లాగావు."

"లాగితే రెండున్నర అంగుళాలు సాగనీకి ఇది చేపనా, రబ్బరా?"

"కొండల్రావ్, నీకు దణ్ణం పెడతాను, రాసెయ్. నాకిద్దరు పిల్లలు."

"నాకు ముగ్గురు. అది గూడ తగ్గించి చెప్తవా?"

"ఏమంటున్నాడు?" అడిగాడు డాల్టన్.

"మీ చేపే అందంగా ఉందంటున్నాడు సర్."

డాల్టన్ ఇద్దరి మొహాలూ చూశాడు. చెక్క ఆయన మోకాలికి అడుగు దూరంలో ఉంది. చూపు మాత్రం అటు తిప్పలేదు.

"ఇద్దరూ నా ఇంజనీర్లే. ఒకరు ఇరవై ఒకటంటారు, ఒకరు పద్దెనిమిదిన్నరంటారు. చేప ఎవరిది?"

"నాది సర్."

"అయితే దాని పొడవు నీకే బాగా తెలియాలి."

భీమశంకర్ చేపని రెండు చేతులా ఎత్తి నీళ్ళలో ఉంచాడు. అది కాసేపు అతని అరచేతుల మధ్యే ఊపిరి తీసుకుంటూ ఆగింది. తర్వాత వెళ్ళిపోయింది. కొండల్ రావు కొలతల కార్డు చిరిగేంత నొక్కి, పద్దెనిమిదిన్నర అని రాశాడు.

సాయంత్రం ఒడ్డున డాల్టన్ కప్పు అందుకున్నాడు. ఓర్పూ నిజాయితీ ఉంటే చేప తనంతట తానే వస్తుందని నాలుగు మాటలు చెప్పాడు. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది భీమశంకర్. తర్వాత ఆయన అతని భుజం మీద చెయ్యేసి, కారు దాకా నడిపించుకు వెళ్ళాడు.

"అది ఇరవై ఒకటి," అన్నాడు.

 తప్పుడు కొలత చెప్పిన కొలతల ఇంజనీరుకి ఏం జరుగుతుందో భీమశంకర్ కి తెలుసు.

"ఎందుకు తగ్గించావు?"

"మావైపు పెద్దవాళ్ళ దగ్గర తగ్గి ఉండాలంటారు సర్. తక్కువ కావడానికీ అణకువగా ఉండటానికీ మా భాషలో ఒకటే మాట. తగ్గడం."

"టగ్గడం," అని డాల్టన్ పలికి చూసుకున్నాడు. "మంచి మాట. కొండల్ రావుకి రాదా?"

"వచ్చు సర్. ఇవాళ వాడలేదు."

"సోమవారం నుంచి అతను రానక్కర్లేదు. ఆ విభాగానికి ఇకమీదట నువ్వే పెద్ద."

భీమశంకర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దూరంగా కొండల్ రావు ఒక్కడే నీళ్ళలో నిలబడి చెక్క కడుగుతున్నాడు. అటు చూడకుండా, "మీ మేలు మరిచిపోను సర్. ఏ పని చెప్పినా చేస్తాను," అన్నాడు.

డాల్టన్ కప్పుని వెనక సీట్లో జాగ్రత్తగా పెట్టి, తలుపు వేశాడు.

"మంగళవారం కొత్త కారుని పరీక్షించడానికి గవర్నమెంటు వాళ్ళొస్తున్నారు, భీమ్. బ్రేకు తొక్కాక అది ఆగాల్సిన చోటు దాటి ఇంకో నలభై అడుగులు పోతోంది. పెద్దవాళ్ళ ముందు దాన్ని కూడా కాస్త తగ్గి ఉండమను."