బండిలో జాగా

"అక్కా, జర మంచినీళ్లు పోస్తవా?"

నకిరేకల్ సంతకు ఉన్ని బండి సర్దుతున్న జానమ్మ తలెత్తి చూసింది. ఎవరో పరాయి మనిషి. ఒక కాలు కుంటుతున్నాడు.

చెంబు అందించబోయి, చాచిన చేతులు చూసి ఆగిపోయింది. వేళ్లు ఎర్రగా వాచి పగిలిపోయాయి. గోళ్లు నల్లబడ్డాయి.

తోలు చూసి గొర్రె రోగం చెప్పడంలో జానమ్మకు ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. మనిషి తోలు ఆమెకొక లెక్కా?

"దోసిలి పట్టు," అంది. చెంబు పైకెత్తి దూరం నుంచే పోసింది. నీళ్లు తగలగానే అతను పళ్లు బిగబట్టాడు. అయినా తాగాడు.

అంతలో నాలుగేళ్ల కూతురు అండాలు పరుగెత్తుకొచ్చింది. కొత్తవాళ్లను చూస్తే తల్లి కొంగులో దూరే పిల్ల, "మామా!" అంటూ అతని ముందు నిలబడి బుగ్గలు పూరించింది. అతనూ నవ్వి బుగ్గలు పూరించాడు. తల నిమరబోయాడు.

"ముట్టకు!" జానమ్మ పిల్లను రెక్క పట్టి లాగింది. "కుష్టు పెట్టుకొని పసిదాన్ని ముడతవా? సిగ్గు లేదా?"

"కుష్టు కాదక్కా. అంటుకునేది కాదు. చెల్లె ఇంటికొచ్చిన, కాల్ల ముల్లు ఇరిగింది. జరమొచ్చింది. నకిరేకల్ దాక బండ్లె ఎక్కించుకుంటే బస్సు పట్టుకొని దవాఖానకు పోత."

"ముల్లుకే దవాఖాననా? మేం దినాం తొక్కుతం."

"నా ఒంట్ల తట్టుకునే బలం లేదక్కా."

మొగుడు బీరప్ప మెల్లగా అన్నాడు. "ఎన్క ఉన్ని మీద కూసుంటడు తియ్యి."

"గజ్జి గొర్రెను మందల కలుపుతవా?"

బీరప్ప ఎడ్లను అదిలించాడు. బండి కదిలింది. అండాలు మాత్రం ఆ మనిషి కనబడినంతసేపు చెయ్యి ఊపుతూనే ఉంది.

అది అరవై మూడో సంవత్సరం ఎండాకాలం.

వానలు పడ్డాక జానమ్మ కూతుర్ని పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది. దగ్గు తగ్గిందో లేదో చూడడానికి మళ్లీ ఎక్స్‌రే తీయాలి. అంతకుముందు చలికాలంలో తీసినప్పుడు తల్లులను బయటే నిలబెట్టి తలుపు మూశారు.

"డాక్టర్ సారూ, ఎండకాలం ఒక కుష్టాయన మా బిడ్డను ముట్టబోయిండు. గదీ జర చూడుండ్రి."

"ఎట్లా ఉన్నాడు?"

"ఏళ్లు వాచి, గోర్లు నల్లగయి ఉండె. ముల్లిరిగింది, బండెక్కుతనన్నడు. నేను ఎక్కనిస్తనా?"

డాక్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అతను దశరథం. ఇక్కడే ఎక్స్‌రే గదిలో పనిచేసేవాడు. కుష్టు కాదమ్మా, ఏళ్ల తరబడి ఆ కిరణాలు తగిలి చేతులు అట్లా అయ్యాయి. మీ మందకు కావలి కుక్కలుంటాయి కదా? మన రక్తంలో కూడా అట్లాంటి కణాలుంటాయి. అతని ఒంట్లో అవి కిరణాలకు చాలావరకు చచ్చిపోయాయి. మిగిలినవేమో తోడేలు లేకపోయినా మొరుగుతూనే ఉంటాయి. ఆ వాపు, ఆ మంట అదే. నిజంగా తోడేలు వచ్చిననాడు అడ్డుపడే బలం మాత్రం వాటికి లేదు."

"ఇప్పుడేడున్నడు సారూ?"

"ముల్లు దిగిన చోట చీము పట్టి ఒళ్లంతా పాకింది. బస్సు దాకా నడిచి, ఇక్కడికి చేరేసరికి ఆలస్యమైంది. పోయాడు."

జానమ్మ తల దించుకుంది. ఆ రోజు బండిలో ఇద్దరు పడుకునేంత జాగా ఉంది. నీళ్లకు పళ్లు బిగబట్టిన ఆ ముఖం గుర్తొచ్చి, సిగ్గుతో చచ్చిపోయింది.

"గన్ని కిరణాలు ఎందుకు తాకనిచ్చిండు సారూ?"

"గోడ చాటున నిలబడమనే చెప్పేవాళ్లం. వినేవాడు కాదు."

అండాలు పేరు పిలిచారు. దశరథం చోట కొత్తగా వచ్చిన మనిషి జానమ్మను గడప దగ్గరే ఆపి, పిల్లను మిషన్ ముందు నిలబెట్టి, గోడ చాటుకు వెళ్లిపోయాడు.

అండాలు అటూ ఇటూ చూసింది. బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టింది. ఎవరూ దగ్గరికి రాకపోయేసరికి ఏడుపు ముఖంతో తల్లి వైపు తిరిగింది.

"పోయినసారి నేను బయపడతనని గీడ నన్ను పట్టుకొని నిలవడ్డ బుగ్గల మామ ఏడమ్మా?"