కూడలికి మర్యాదైన పేరు

1968 ఆగస్టు పదిహేనున పంచాయతీ ప్రెసిడెంటు జగన్నాధం తాడు లాగగానే, బోర్డు మీది గుడ్డ జారింది.

‘గంగులు గారి సతీమణి కూడలి.’

సతీమణి పేరు కూర్మమ్మ. కిందటేడు వలల తగాదాతో రెండు పేటల మగాళ్లూ కొట్టుకు చావడానికి వస్తే, ఆడవాళ్లను కూడగట్టి ఈ కూడలిలోనే అడ్డంగా కూర్చుంది. ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ గౌరవమే ఇది.

“ఆడకూతురి పేరు శ్రీకాకుళం బస్సు కండక్టర్ల నోట్లో నలగడం మర్యాద కాదు కదా!” అన్నాడు జగన్నాధం మైకులో. పెద్దలు తలలూపారు. అంత మర్యాదస్తులు కనుకనే వేదిక మీద కుర్చీ వేసి, గంగులు మెడలో దండ వేశారు. కూర్మమ్మ కింద, చేపల తట్ట పక్కన నిలబడి ఉంది.

“కూడలి పేరు నీ నోటితో ఒక్కసారి చెప్పమ్మా” అంటూ జగన్నాధం కిందికి దిగి ఆమెకు మైకు అందించాడు.

“మొగుడి పేరు నానెలాగ పలుకుతాను బాబూ?”

చప్పట్లు మోగిపోయాయి. “చూశారా, ఇల్లాలంటే ఇలా ఉండాలి!” అని జగన్నాధం మురిసిపోయాడు.

కూర్మమ్మ మైకు వదల్లేదు. వంకర తిరిగిన ఎడమ చెయ్యి అందరికీ కనబడేలా పైకెత్తింది.

“ఆ రోజు అడ్డంగా కూకున్నానని, తెడ్డుతో ఈ సెయ్యి ఇరగ్గొట్టినోడి పేరది. మీరే పలకండి. అదుగో, దండేసుకుని కూకున్నాడు.”