మెత్తముక్కు తూటా

"మళ్ళీ తిప్పికొట్టారు!" అంటూ మహీధర్ కుర్చీలో కూలబడ్డాడు.

సాఫ్ట్‌వేర్ గాలి జోరుగా వీస్తున్న రోజులు. సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో అతనిది చిన్న కంప్యూటర్ గేముల కంపెనీ. అమెరికా వాళ్ళకి జింకల వేట గేము చేసిపెడుతున్నారు. అందులో తూటాల పని అరుంధతిది. ఆఫీసు మొత్తంలో తూటాని కంటితో చూసిన పాపాన పోయినవాళ్ళు లేరు!

"ఏ తూటా పేల్చినా జింక ఒకేలా పడుతోందట. శుక్రవారం కూడా కాదన్నారంటే దుకాణం మూతే. అందరం పెట్టే బేడా సర్దుకోవడమే."

"నాకేం తెలుసండీ చంపడం? చీమని తొక్కినా నిద్రపట్టదు నాకు!" అరుంధతికి ఏడుపొక్కటే తక్కువ.

అకౌంట్లు చూసే ఫరీదా తలెత్తింది.

"మా అబ్బాజాన్‌ని తీస్కరానా అక్కా? హైదరాబాద్‌కెళ్ళి వచ్చి మా ఫ్లాట్‌లనే ఉన్నరు. జింకలు, తూటాలంటే ఆయననే అడగాలె."

మర్నాడే దిగాడు ఫరీదా తండ్రి సాదత్. తెల్లగడ్డం, నవ్వుమొహం, చేతిలో ఉస్మానియా బిస్కెట్ల డబ్బా.

"తిను బిడ్డా."

"వద్దండీ," అంది అరుంధతి ముక్తసరిగా. ఎన్ని మూగజీవాల ఉసురు తీసిన చెయ్యో!

ఆయనేం పట్టించుకోలేదు. తెరమీది తూటాల బొమ్మలు ఒక్కొక్కటే చూశాడు.

"గీ మొత్తం రాగి తొడుగున్నది జింకకు వద్దు. అటుకెళ్ళి ఇటు దూసుకపోతది. పాపం, అది శానా దూరం ఉర్కి, గిలగిల కొట్టుకుని సస్తది."

"మరి ఈ తేలికది?"

"భుజం ఎముకకు తగిలి అక్కడ్నే పగుల్తది. జింక సావదు, కుంటుకుంట తిరుగుతది."

"ఇంక ఏది పెట్టమంటారండీ?"

"ముక్కు మెత్తగున్నది. లోపటికి పోయి పువ్వు లెక్క విచ్చుకుంటది. ఒక్క క్షణమే. దానికి నొప్పి తెల్వది."

చెబుతూ తెరమీది జింక బొమ్మని వేలితో నిమిరాడు.

అరుంధతికి ఒళ్ళుమండింది. చంపేసి పైగా జాలొకటి!

"రైఫిల్‌లో తూటా ఎలా పెడతారో చెప్పండి."

"అది నాకెర్కలేదు బిడ్డా."

నంగనాచి కబుర్లు, అనుకుంది. అయినా ఆయన చెప్పింది చెప్పినట్టే చేసింది. తూటా తూటాకీ జింక పడే తీరు మార్చేసింది.

శుక్రవారం ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసిన మహీధర్ ఎగిరి గంతేశాడు.

"ఒప్పుకున్నారర్రా! ఇంకో రెండు గేములూ మనకేనట! పదండి, లిటిల్ ఇండియాలో ఇవాళ అందరి మకాన్, అదే భోజనం, ఖర్చు నాదే!"

ఆఫీసంతా ఈలలు, చప్పట్లు. పట్టరాని సంతోషంతో అరుంధతి వెళ్ళి ఫరీదాని వాటేసుకుంది.

"మీ నాన్నగారిని కూడా పిలవ్వే! ఆయనకి దణ్ణం పెట్టాలి."

"పొద్దుగాలనే ఫ్లైట్ ఎక్కిండ్రు కదక్కా!"

"అయ్యో! ఆయనతో ఒక్క మంచిమాటైనా మాట్లాడలేదే నేను!" అరుంధతి నాలుక్కరుచుకుంది. "అవునూ, ఇంతకీ ఎన్ని జింకల్ని కొట్టుంటారేం?"

ఫరీదా పకపకా నవ్వింది.

"కొట్టుడా? తుపాకీ ముట్టనే ముట్టలే; దొంగ వేటగాళ్ళు కొట్టిన జింకల ఒంట్లకెళ్ళి ఆ తూటాలన్నీ తీసి, పానం ఉన్నవాటిని బతికించిన పశువుల డాక్టరక్కా మా అబ్బాజాన్!"