నాలుగో గదిలోని చెయ్యి

ఆ చేతిని మట్టితో కప్పేయాలా, ఉంచాలా అన్నది ఈ పూట తేలిపోతుంది.

అందుకే ఊడ్చే అవ్వ ఇవాళ గంట ముందే వచ్చింది. మ్యూజియం అన్నది ఇప్పటి పేరు. అసలు అదో పాత మట్టికోట. బారెడు మందం గోడలు. ఫిరంగి గుండ్లు అందులో దిగబడ్డాయే గాని గోడ మాత్రం పగల్లేదట. యుద్ధాలు అయిపోయాక కోట ధాన్యం గిడ్డంగి అయింది, కొన్నాళ్లు జైలు కూడా అయింది. నలభై ఏళ్ల కిందట బాగుచేసి, గుమ్మంలో టికెట్లు పెట్టారు.

నాలుగో గదిలో, గోడ మీద, అద్దం వెనకాల ఒక అరచేతి ముద్ర. చిటికెన వేలికి కొస లేదు.

అవ్వ కొంగుతో అద్దం తుడిచింది. "ఏం, లేచావా? ఇవాళ నీ సంగతి తేలుస్తారట. బుద్ధిగా ఉండు."

వెనకనుంచి గైడు పకపకా నవ్వాడు. "మూడొందల ఏళ్ల సిపాయికి ఆ పలకరింపేంటి అవ్వా!"

"ఏం, కోప్పడతాడా? ఇంటికెళ్తే ఈ మాత్రం వినేవాళ్లు కూడా లేరు నాకు."

వచ్చినవాళ్లందరికీ ఆ చెయ్యంటేనే ముచ్చట. "కత్తివేటుకు వేలు తెగినా, అదే చేత్తో కోట గోడ మెత్తిన వీరుడు!" అని గైడు గొంతు పెంచగానే పిల్లలు తమ చిటికెన వేళ్లు తడుముకునేవారు. ఒక పండితుడైతే దాని మీద పుస్తకమే రాశాడు.

పదింటికి పెద్దాఫీసరు వచ్చాడు. వానలు పడకముందే గదులన్నీ కొత్తగా మెత్తించాలి. కోట కట్టిననాటి గుర్తులు ఉంచుతారు. తర్వాత పడినవన్నీ పూత కిందికే.

"ఇది పాతదేనని నమ్మకమేంటి?"

గైడు పుస్తకం చూపించాడు. ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు.

"రాసినాయన గోడ చూసి రాశాడయ్యా. గోడ మెత్తినవాళ్లు చెప్పాలి గాని."

"వాళ్లలో మిగిలింది ఈ అవ్వొక్కతే సార్."

ఆఫీసరు ఆమెవైపు తిరిగాడు. "నలభై ఏళ్ల కిందట ఈ గోడ మెత్తింది మీరేనటగా?"

"మేమేనయ్యా. నేను మట్టి తొక్కేదాన్ని. గడ్డి కలిపి మూడు రోజులు నానబెడితే వెన్నలా వచ్చేది. మోకాళ్ల దాకా చల్లగా, వేళ్ల సందుల్లోంచి చక్కిలిగిలి పెడుతూ..." నవ్వబోయి ఆగిపోయింది.

"అప్పటికే ఈ చెయ్యి గోడ మీద ఉందా?"

అవ్వ అద్దంవైపు ఒకసారి చూసింది.

"ఉందయ్యా. మేం దాని చుట్టూ మెత్తాం."

"ఖాయమేనా?"

"కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని, అబద్ధమాడి ఏం మూటగట్టుకుపోతాను?"

ఆఫీసరు కాగితం మీద 'ఉంచవచ్చు' అని రాసి సంతకం పెట్టాడు. గైడు సంబరంగా అద్దం మీద వేలితో తట్టాడు. ఇద్దరూ పక్క గదిలోకి వెళ్లిపోయారు.

అవ్వ ఒక్కతే మిగిలింది. చీపురు గోడకు ఆనించి, అద్దం మీద తన అరచేతిని మెల్లగా ఆ ముద్రకు సరిగ్గా ఎదురుగా ఆనించింది.

"బతికిపోయావు పో," అంది.

ఆ వేలు తెంచింది ఏ కత్తీ కాదు, పెళ్లైన కొత్తలో, మట్టి తొక్కుతూ ఆమె కేకేసిందని పరుగెత్తుకొస్తూ, ఈ గోడ మెత్తిన ఆమె పెనిమిటి విసురుగా లాగిన తలుపు.