ఇల్లు వేరు, ఇంటి దారి వేరు

"ఎవరక్కా నిన్ను మొద్దూ అంటున్నది?" చెలిమో తన కుర్చీలోంచి లేచి వచ్చింది. ఆమె ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు.

అపొండి తెర మీద ఎర్రటి అక్షరాలు: 'మొద్దూ! ఇల్లు వేరు, ఇంటి దారి వేరు. నన్నూ ఇలా తిట్టే నేర్పారు.'

"కంపైలర్. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చి, తప్పులు పట్టేది. ఫంక్షన్ ఇవ్వాల్సిన చోట దాని పాయింటర్ ఇచ్చాను" అంది అపొండి తల తిప్పకుండా. "పని చేసేది ఫంక్షన్. అదెక్కడుందో చెప్పే చిరునామా పాయింటర్. రెండూ కలిపేస్తే తిడుతుంది."

"యంత్రానికి ఇంత నోరా?"

"దానిది కాదు, ఒగెండాది. ఈ ప్రోగ్రామింగ్ భాష తయారుచేసింది ఆయనే. తప్పులకి తిట్లు కూడా ఆయనే రాశారు. పోయిన వానల్లో సరస్సులో ఆయన పడవ బోల్తా పడింది."

చెలిమో తెర దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. కిసుము పట్టణం మీద మబ్బు కమ్మి, మధ్యాహ్నమే ఆఫీసులో లైట్లు వేశారు. చచ్చిపోయిన మనిషి ఎదురుగా కూర్చుని తిడుతున్నట్టే ఉంది.

"నువ్వు చూశావా ఆయన్ని?"

"నేనిక్కడ చేరేసరికే లేరు."

మందాజీ బూరె నములుతూ వచ్చిన యజమాని బరాసా తెర చూసి నెత్తి కొట్టుకున్నాడు. "మళ్ళీనా! ఉద్యోగానికొచ్చిన రోజు నా ప్రశ్నలన్నిటికీ టకటకా జవాబులు చెప్పావు కదమ్మా! సరే, ఈ గొడవే తీసేస్తా. ఫంక్షనూ, పాయింటరూ ఒకే రకం అనుకోమని కంపైలర్‌కి చెప్తా. ఏదిచ్చినా సర్దుకుంటుంది. ఈ తిట్టూ ఉండదు."

అపొండి గిరుక్కున వెనక్కి తిరిగింది. "వద్దు సార్."

"తిట్లు తినేది నువ్వేగా! పీడ వదిలిందని సంతోషించక!"

"ఫంక్షన్ ఉంటే ఉన్నట్టే సార్. చిరునామాకి ఆ భరోసా లేదు. దారి ఉంటుంది, ఇంట్లో మనిషి ఉండకపోవచ్చు." ఆమె తెర వైపు చూపించింది. "మన ప్రోగ్రాములు వాడేది చేపల మంచుగదుల్లో. గది వేడెక్కినప్పుడు గంట మోగించమని ఖాళీ చిరునామాకి చెప్తే ఎవరు మోగిస్తారు? చేపలు కుళ్ళాక తెలుస్తుంది."

బరాసా నమలడం ఆపాడు. ఒగెండా ఉన్నప్పుడు ఈ వాదన ఆయన నోటే విన్నాడు. అప్పుడూ ఓడిపోయాడు.

"చెప్పేటప్పుడు ఇంత తెలుసు, రాసేటప్పుడు ఏమవుతుంది తల్లీ నీకు? పోనీ, తేడా అలాగే ఉంచుతా. కానీ ఈ ఎర్ర అక్షరాలు నీ తెర మీద ఇంకొక్కసారి కనబడ్డాయో, నిన్ను ఫోన్లెత్తే బల్ల దగ్గర కూర్చోబెడతా. ఇక ప్రోగ్రాముల జోలికి రాకూడదు."

"అలాగే సార్."

ఆయన ముందే అపొండి తప్పు దిద్దింది. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. బరాసా తృప్తిగా తల ఊపి టీ తాగడానికి వరండాలోకి నడిచాడు.

"అక్కా, నువ్వూ రా. టీ చల్లారిపోతుంది" అంటూ చెలిమో ఆయన వెంటే వెళ్ళింది.

"వస్తున్నా."

రేకుల మీద వాన మొదలైంది. అపొండి తలుపు వైపు ఒకసారి చూసింది. దిద్దిన వరుసని చెరిపేసి, వెనకటి తప్పే మళ్ళీ రాసింది.

'మొద్దూ! ఇల్లు వేరు, ఇంటి దారి వేరు. నన్నూ ఇలా తిట్టే నేర్పారు.'

ఆమె ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమింది. ఆ వాన చప్పుడులో ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఒకప్పుడు ఒగెండాకి ప్రోగ్రాములు రాయడం అలా తిట్టి నేర్పింది ఆమే.