సొరకాయతో వచ్చిన గూఢచారి

“ఏమిటి గురువుగారూ ఇది? మీ హీరో హెలికాప్టర్లోంచి దూకుతూ తల దువ్వుకుంటున్నాడేమిటి?” అన్నాడు ప్రచురణకర్త.

“గూఢచారి అన్నాక ఆమాత్రం ఉండాలి కదయ్యా,” అన్నాడు రచయిత.

“పాఠకులు నవ్విపోతున్నారు. నాకు తెలిసిన పెద్దాయన ఒకాయన ఉన్నారు. గూఢచారిగా చేసి రిటైరయ్యారు. ఆదివారం రైల్వే స్టేషన్ క్యాంటీన్లో కూర్చోండి, ఆయనే వచ్చి పలకరిస్తారు. అసలైనవాడు ఎలా ఉంటాడో చూసి రాయండి. లేదంటే ఈ నవలతో మనం మంగళం పాడేద్దాం.”

రచయిత వెంటనే సరేనన్నాడు. భార్య పోయాక ఆయన్ని పొద్దున్నే మంచం మీంచి లేపుతున్నది ఆ రాతపని ఒక్కటే.

సంగతి గుట్టుగా ఉంచమన్నాడు ప్రచురణకర్త. రచయిత ఎవరికీ చెప్పలేదు. క్షవరం చేయించుకుంటూ మాత్రం చెప్పాడు. అదీ గొంతు బాగా తగ్గించి. వినడానికి దుకాణంలో ఉన్నవాళ్లంతా కుర్చీలు దగ్గరికి జరుపుకోవలసి వచ్చింది.

ఆదివారం క్యాంటీన్లో ఆయన ఎదురుచూసింది నల్లకళ్లద్దాల కోసం. వచ్చింది ఒక బట్టతల, మోచేతి దగ్గర చిరుగు కుట్టిన స్వెట్టరు, చేతిసంచీలోంచి తొంగిచూస్తున్న సొరకాయ.

“రచయితగారు మీరే కదూ? అయ్యో, ఎండ మీ కళ్లల్లో పడుతోంది. ఇటొచ్చి కూర్చోండి అన్నయ్యగారూ,” అని ఆ పెద్దమనిషి నీడలో ఉన్న కుర్చీ చూపించాడు. రెండు టీలు చెప్పాడు. ఫోన్లు కట్టేస్తే ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చన్నాడు. మొత్తమ్మీద ఆ మాట ఒక్కటే కాస్త గూఢచారి మాటలా వినిపించింది.

రచయిత కలం తీశాడు. “తుపాకీ ఎక్కడ పెట్టుకునేవారు?”

“మోకాళ్ల నొప్పులండీ నాకు. అలాంటి బరువులు మోయలేను. ఇంతకీ మీకు రాత్రిళ్లు సరిగ్గా నిద్ర పడుతోందా?”

ఆ ప్రశ్న తనని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో రచయితకి గుర్తు రాలేదు. ఇంట్లో ఆయన నోరు తెరిస్తే కూతురికి మిక్సీ వేసే పని గుర్తొస్తుంది. రేవులో పనిచేసే అల్లుడికి డ్యూటీ గుర్తొస్తుంది. అందుకని నిద్ర గురించి చెప్పాడు. భార్య గురించి చెప్పాడు. పెద్దమనిషి టీ చల్లారిపోతున్నా కదలకుండా విన్నాడు. అల్లుడి గురించీ విన్నాడు.

“రేవులోనా? పాపం, అక్కడేముందండీ ఇప్పుడు? అన్నీ తుప్పు పట్టిన పడవలు. కొత్త జలాంతర్గామి కడుతున్నారంటారు గానీ, వట్టి పుకారు.”

“పుకారేమిటండీ! మావాడు చేస్తున్నది దాని మీదేగా. భోజనం దగ్గర రోజూ దాని గోలే.”

“అయితే ఈపాటికి సముద్రంలోకి దించేసి ఉంటారు.”

“నయం! తోక దగ్గర నీళ్లు కారుతుంటే ఎలా దించుతారు?”

“తోకంటే... ముందువైపే కదండీ?”

రచయిత తల పట్టుకున్నాడు. ఇంత అమాయకుణ్ణి ఆ ఉద్యోగంలోకి తీసుకున్న మహానుభావుడెవడో! జాలేసి, కాగితం మీద జలాంతర్గామి బొమ్మ గీశాడు. ఏ అతుకు దగ్గర కారుతోందో, ఎందుకు కారుతోందో చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

“అబ్బ, ఎంత విడమరిచి చెబుతారండీ మీరు!” అని మురిసిపోయాడు పెద్దమనిషి. మనవరాలికి చూపిస్తానంటూ ఆ బొమ్మ అడిగి తీసుకున్నాడు. టీ డబ్బులు కూడా తనే ఇచ్చి, సొరకాయ సర్దుకుని వెళ్లిపోయాడు.

రచయిత వీధిలోకి వస్తూనే, కట్టేసిన ఫోన్ మళ్లీ ఆన్ చేసి ప్రచురణకర్తకి చేశాడు.

“మంచి మనిషేనయ్యా, కాదనను. కానీ గూఢచారేమిటి, నా మొహం! ఒక్క ముక్క చెబితే ఒట్టు. వాగిందంతా నేనే. అలాంటివాణ్ణి హీరోగా పెడితే పుస్తకం ఎవడు కొంటాడు? మా దువ్వెనవాడే నయం.”

“నన్ను కాస్త చెప్పనివ్వండి గురువుగారూ, ఆ పెద్దాయనకి జ్వరమొచ్చి ఇవాళ రాలేనన్నారని చెబుదామని ఇందాకటినుంచీ మీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను!”