ఎర్ర అక్షరాల అడుగున

"తొమ్మిదోసారి కూడా ఫెయిలే సార్," అంది టీమ్ లీడ్ హరిణి. "రాస్తున్నది కొత్త భాష రస్ట్‌లో. ఆలోచన మాత్రం ఇంకా పాత జావాలోనే ఉంది."

ఓబులేష్ తెర మీది ఎర్ర అక్షరాలను చూశాడు. కొత్త టెక్నాలజీ నేర్చుకోలేనివారి జాబితా సాయంత్రం ఐదింటికి పైకి వెళ్తుంది. అందులో పదకొండు మంది. మొదటి పేరు అతనిదే. సోమవారం నుంచి వాళ్లకు ఈ ఆఫీసులో పని ఉండదు. ఇప్పుడు మూడున్నర.

పదిహేను రోజులుగా అతడు తప్పును తనలోనే వెదుకుతున్నాడు. వయసులో వెదికాడు, అలవాటులో వెదికాడు, ఇరవై ఏళ్ల అనుభవం పెంచిన అహంకారంలో వెదికాడు. లోపం తనదేనని ఒప్పుకోవడం వినయమనుకొన్నాడు. అదీ ఒక తొందరపాటేమోనన్న అనుమానం ఇప్పుడే మొదటిసారి కలిగింది.

"అమ్మా హరిణీ, నిన్న పాసైన నీ కోడ్ ఉండాది కదా, అది నాకు పంపు."

"కాపీ కొడతారా సార్?"

"కొడతా. నీ ఎదురుగానే."

ఒక్క అక్షరం మార్చకుండా దాన్ని తన పేరుతో పరీక్షకు పంపాడు. అర నిమిషంలో తెర ఎర్రబడింది.

"ఇప్పుడు చెప్పమ్మా. నీ ఆలోచన కూడా జావాలోనే ఉండాదా?"

హరిణి కుర్చీ లాక్కొని కూర్చుంది.

ఇద్దరూ ఆ ఎర్ర అక్షరాలను చివరిదాకా చదివారు. నాలుగు పేజీలు దాటాక, అట్టడుగున, అసలు సంగతి ఉంది. కోడ్‌ను పరీక్షించడానికి కంపెనీ సొంతంగా తయారుచేసుకొన్న ప్రోగ్రామ్, ఉద్యోగి పేరుతో ఒక ఫోల్డర్ తెరుస్తుంది. పేరు చివర చుక్క ఉంటే ఆ ఫోల్డర్ దానికి మళ్లీ దొరకదు. అంటే, ఓబులేష్ రాసినదాన్ని అది ఇంతవరకు ఒక్కసారి కూడా చదవలేదు.

"మీ పేరు చివర చుక్కేంటి సార్?"

"మా ఊరు హొసకోటె పక్క ఇంటిపేరు రాసుకొనే వాడుక లేదమ్మా. నేను ఒట్టి ఓబులేష్. ఉద్యోగంలో చేరేటప్పుడు ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా ఇడిస్తే ముందుకు పోనియ్యలే. చుక్క పెట్టినా. మావాళ్లంతా అదే చేస్తారు."

హరిణి ఆ పరీక్షించే ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస రాసింది, చుక్కను పట్టించుకోవద్దని. ఓబులేష్ మొదటిరోజు రాసిన కోడ్‌ను వెదికి తీసి పంపాడు.

తెర పచ్చబడింది.

"మొదటిదే కరెక్ట్ సార్! ఎనిమిదిసార్లు ఎందుకు మార్చారు?"

"నువ్వు చెప్పినావని!" ఓబులేష్ గట్టిగా నవ్వాడు. చుట్టుపక్కల తలలన్నీ ఇటు తిరిగాయి.

"సారీ సార్. ఉండండి, అందరి కోడ్‌నూ మళ్లీ టెస్ట్ చేయించి, మీ పేరు లేకుండా కొత్త జాబితా తీస్తా."

మీట నొక్కింది. జాబితా వచ్చింది. హరిణి పాత జాబితా తెరిచి, పదకొండు పేర్ల చివరలనూ వేలు పెట్టి చూసుకొంటూ వెళ్లింది.

"ఏమైందమ్మా, నేనింకా ఉండానా?"

"లేరు సార్." ఆమె తెరను అతనివైపు తిప్పింది. "ఎవరూ లేరు."